తక్కువ తిన్న గౌరి

"ఫస్ట్, నిరూ! మన పెయ్యే ఫస్ట్!"

మధుబాబు గమ్‌బూట్లు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చేశాడు. గుమ్మం దగ్గర్నుంచి పొయ్యి దాకా బురద అడుగులు. ఇంకో రోజైతే నిరుపమ గోల చేసేది. ఇవాళ చెయ్యలేదు. అతని మొహం ఇంతలా వెలగడం ఆమె పెళ్లిపీటల మీద చూసింది, మళ్లీ ఇప్పుడే చూస్తోంది.

వారం రోజులుగా ఆ ఇంట్లో మాటలు కరువు. "ఈసారి పెయ్యల మేత టెస్ట్ సరిగా రాకపోతే ఇక ఆపేద్దాం" అని ఫారం యజమాని గ్రేమ్ అన్నప్పటి నుంచి మధుబాబు కంచంలో అన్నం కెలికి లేచిపోతున్నాడు. టెస్ట్ ఆగితే ఉద్యోగం ఆగినట్టే. ఉద్యోగంతో పాటు ఇచ్చిన ఈ రేకుల ఇల్లు, వాన పడితే డప్పు వాయించే ఇల్లు, ఇదీ వదులుకోవాల్సిందే. కిటికీలోంచి కనిపించే పచ్చటి గుట్టల్నీ, గట్టు మీద ఎర్ర ముక్కుతో పెత్తనం చేసే పుకెకో పిట్టల్నీ వదలాలంటే నిరుపమకి ప్రాణం ఉసూరుమంటుంది.

"ఏదిరా ఫస్టొచ్చింది?" లోపలి గదిలోంచి సుభద్ర కేకేసింది.

"నీ గౌరేనమ్మా!"

సుభద్ర వత్తులు చేసుకుంటున్న దూది చేత్తోనే బయటికొచ్చింది. ఇంటి వెనక కంచె అవతల దొడ్లో ఉన్న పెయ్యలన్నీ ఒక్కలాగే నల్లగా ఉంటాయి. తెల్ల మొహం ఉన్నది ఒక్కటే. అది కంచె దగ్గరికి వచ్చి ఆవిడ చెయ్యి నాకిన రోజే దానికి గౌరి అని పేరు పెట్టింది. కొడుకు లెక్కలో మాత్రం దాని చెవికి ఒక పచ్చ బిళ్ల, ఆ బిళ్ల మీద ఒక నంబరు. అంతే.

"నేను చెప్పలా? దాని కళ్లు చూస్తేనే తెలుస్తుంది, లక్ష్మీ కళ ఉన్న పెయ్య. మీ నాన్నగారికి చెప్పొస్తానుండు."

ఆవిడ మళ్లీ లోపలికి వెళ్లిపోయింది, దండేసిన ఫోటో ముందుకి. జనార్ధనరావు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఒంటరిగా ఉండలేదని కొడుకు ఆవిడని ఊరి నుంచి ఈ పరాయి దేశానికి తెచ్చుకున్నాడు.

తల్లి అటు వెళ్లగానే మధుబాబు భార్యని నడుం పట్టి ఎత్తి గిర్రున తిప్పాడు. గరిటె నుంచి పాయసం చుక్కలు గోడ మీద పడ్డాయి.

"దింపండి! అత్తయ్య చూస్తారు!"

"చూడనీ. నీకు గుర్తుందా, రోటొరువాలో వేడినీళ్ల బుగ్గల దగ్గర చెప్పాను, ఇద్దరు అల్లుళ్ల కథ?"

గుర్తులేకేం. కొత్త పెళ్లికూతుర్ని పక్కన పెట్టుకుని పశువుల మేత గురించి చెప్పిన మగాడు ప్రపంచంలో ఇతనొక్కడే అయి ఉంటాడు. ఒక మామగారికి ఇద్దరు అల్లుళ్లు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే బరువు, ఒకే పని. ఒకడు పండక్కొస్తే కుండెడు అన్నం ఖాళీ చేస్తాడు. రెండోవాడు అందులో సగం తిని అంతే పని చేస్తాడు. ఏ అల్లుడు మేలు? అల్లుణ్ణి మార్చుకోలేం గానీ పశువుల్లో మాత్రం ఆ రెండో రకాన్ని ఏరి పెంచుకోవచ్చు. తక్కువ తిని అంతే పెరిగేవాటికి పుట్టేవి కూడా తక్కువ తింటాయి. ఏరడమే అతని పని. తొట్టిలో తల పెట్టిన ప్రతిసారీ చెవిబిళ్లని బట్టి ఏది ఎంత తిన్నదో కంప్యూటర్ కొలుస్తుంది. బరువు ఎంత పెరిగిందో కాటా చెబుతుంది.

"గౌరి ఆ రెండో అల్లుడు నిరూ! అలాంటిలాంటి రెండో అల్లుడు కాదు. పెరగడం అన్నిటితో సమానంగా పెరిగింది. తొట్టిలో తిన్నది చూస్తే, ఏం చెప్పను, గాలి భోంచేసి బతికినట్టుంది. గ్రేమ్ మూడుసార్లు లెక్క మళ్లీ వేయించాడు. ఇంక మంద మొత్తం దాని సంతానంతోనే కడతాడట."

నిరుపమ చేతిలో గరిటె ఆగిపోయింది.

గాలి భోంచేసి కాదు.

అత్తగారు వచ్చిన కొత్తలో బియ్యం కడిగిన నీళ్లు పారబోయలేక బకెట్లో పట్టింది. "గోవు ఎదురుగా పెట్టుకుని కడుగు నీళ్లు తూములో పోస్తామా తల్లీ, పాపం కాదూ?" అంది. ముందు కడుగు నీళ్లే. తర్వాత మిగిలిన అన్నం, గంజి, కూరగాయ తొక్కలు. ఆ తర్వాత టౌన్లో దాణా కొట్లో గోధుమ తవుడు కనిపించింది. కారు నడపడం కొత్తగా వచ్చిన సంబరంలో ఆ బస్తా వేసుకొచ్చింది నిరుపమే. తవుడు, బెల్లం కలిపి చెయ్యి పెడితే వేళ్లకి అంటుకునేంత చిక్కటి కుడితి. మధుబాబు పొద్దున్నే ఆఫీసు షెడ్డుకి వెళ్లాక, భర్త పేరు తలుచుకుని సుభద్ర ఆ బకెట్ కంచె కింద నుంచి గౌరి మూతి దగ్గరికి నెట్టేది. అది ఒక్క గుక్కలో జుర్రేసి, బకెట్ అడుగు నాకి, ఇంకా కావాలని ఆవిడ చీర కొంగు నమిలేది.

చేత్తో మేత పెట్టకూడదని మధుబాబు మొదట్లోనే గట్టిగా చెప్పాడు. పెట్టలేదు. ఒక్క గడ్డిపరక పెట్టలేదు. అత్తాకోడళ్లు ఆ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉన్నారంటే, గాలికి కంచె దాటిన అరటితొక్కని కూడా నిరుపమ కర్రతో వెనక్కి లాగింది. కానీ కుడితి మేత ఎలా అవుతుంది? కుడితి తాగేది కదా. దూడకి నీళ్లు పెట్టడం, కుడితి పెట్టడం ఒకటే అనుకుంటూ పెరిగిన ఊళ్లోది ఆ అత్తగారు. ఆవిడ చెప్పిందే వేదమనుకున్న కోడలు ఈమె.

"ఏంటలా చూస్తావ్? సంతోషం ఎక్కువైపోయిందా?" అన్నాడు మధుబాబు ఆమె బుగ్గ గిల్లి.

పాయసం అడుగంటిన వాసన వచ్చింది.

*

మధ్యాహ్నం గ్రేమ్ నాలుగు చక్రాల బండి మీద కంచె దాకా వచ్చాడు. సుభద్ర అప్పటికే గౌరి నుదుటి మీద కుంకుమ పెట్టింది. ఆ తెల్ల మొహం మీద ఎర్ర బొట్టు చూసి పెద్దాయన పకపకా నవ్వాడు. నిరుపమ గ్లాసులో పోసిచ్చిన పాయసం నిలబడే తాగేసి, మూతి తుడుచుకుని, గౌరి వీపు మీద తట్టాడు.

ఇంగ్లీషులో ఏదో చాలాసేపు చెప్పాడు. సుభద్ర కొడుకు వంక చూసింది.

"ఏమంటాడ్రా?"

"బంగారం లాంటి పెయ్య అంటున్నాడమ్మా. దీనికి పుట్టేవన్నీ మంచి పాడి ఆవులవుతాయంటున్నాడు."

గ్రేమ్ అన్నది వేరు. దీని కోడెదూడలు తక్కువ మేతతో ఎదిగి, వర్క్స్‌కి త్వరగా వెళ్తాయన్నాడు. ఆ మాట నిరుపమకి అర్థమైంది. వర్క్స్ అంటే ఇక్కడ కబేళా. ఇది పాల కోసం పెంచే ఫారం కాదని, ఈ పచ్చిక మీద మేసే ఒక్క పశువుకీ పాలు పితికించుకునే రాత లేదని సుభద్రకి తెలియదు. పాల ఫారంలో పని అని మధుబాబు ఫోన్లో చెప్పేనాటికే తండ్రి మంచాన ఉన్నాడు. ఆ మాటే తర్వాత నిజమై కూర్చుంది. "ఇన్ని పెయ్యలున్నాయి, ఒక్కటీ చూలు కట్టలేదేంట్రా?" అని ఆవిడ అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేవాడు.

"మళ్లీ ఏదో అన్నాడే? లారీ అన్నట్టుంది?"

"మిగతా వాటిలో సగం రేపు పొద్దున్న వేరే ఫారానికి మారుస్తారమ్మా. అదీ సంగతి."

"పాపం, స్నేహితురాళ్లు వెళ్లిపోతారు కదే నీకు," అంది సుభద్ర గౌరి గంగడోలు నిమురుతూ. "నువ్వు మాత్రం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఫస్టొచ్చావుగా."

గౌరి తల ఎత్తి నిరుపమ చేతుల వైపు చూసింది. ఆ చూపు దేనికోసమో నిరుపమకి తెలుసు. ఆ క్షణాన భూమి చీలినా బాగుండుననిపించింది.

*

బట్టలు ఆరేసే దండెం దగ్గర పట్టుకుంది భర్తని. ఎలా మొదలుపెట్టాలో తెలియక తడి దుప్పటి ఒక కొస అతని చేతికిచ్చింది.

"ఏవండీ... మీ లెక్కల్లో నీళ్లు కూడా వస్తాయా?"

"నీళ్లెందుకు వస్తాయి? నీళ్లు ఎన్ని తాగితే మాత్రం కండ పడుతుందా?"

"కుడితి?"

అతను నవ్వాడు. దుప్పటి పిండుతూనే ఉన్నాడు. తర్వాత చేతులు ఆగాయి. నవ్వు మాత్రం ఇంకా మొహం మీదే ఉంది, వెళ్లిపోవడం మర్చిపోయినట్టు.

"ఏ కుడితి?"

ఆమె చెప్పింది. బకెట్ ఎంతదో, తవుడు ఎంత చిక్కగా కలిపేవారో, ఎప్పటి నుంచో, అన్నీ. చెబుతున్నంతసేపూ అతను దుప్పటి కొస వదల్లేదు.

"టెస్ట్ మొదలైనప్పటి నుంచీనా?"

"అత్తయ్య వచ్చినప్పటి నుంచీ."

"నువ్వు డిగ్రీ చదివావా నిరుపమా?"

నిరూ అనలేదు. పెళ్లయ్యాక ఆ పూర్తి పేరు అతని నోట వినడం అదే మొదలు.

"మేత పెట్టొద్దన్నారు. పెట్టలేదు. కుడితి తాగేదేగా అనుకున్నాం."

"తవుడు నిరుపమా! బస్తాలకి బస్తాలు తవుడు! అది మేత కాకపోతే ఏంటి, తీర్థమా? అక్కడ తొట్టి దగ్గర అర్ధరూపాయెత్తు తేడాకి నేను చస్తుంటే, నా ఇంటి వెనకే, నా భార్యే..."

"అరవకండి. అత్తయ్య వింటారు."

"ఆ తవుడు లెక్కలో కలిపితే ఏమవుతుందో తెలుసా?" అతని గొంతు తగ్గింది. తగ్గాకే ఎక్కువ భయమేసింది. "అన్నిటికంటే ఎక్కువ తిన్నది అదే. మంద మొత్తంలో పెద్ద తిండిపోతు. దాన్ని నేను ఫస్ట్ అని రాసిచ్చాను."

"మళ్లీ పరీక్ష పెట్టరా?"

"ఎవరు పెడతారు? సగం పెయ్యలు రేపు వర్క్స్‌కి వెళ్లిపోతున్నాయి. గౌరి మూలంగా దాని కంటే మంచివి కూడా లారీ ఎక్కుతున్నాయి. చెప్పానో, అవి దిగుతాయి. అది ఎక్కుతుంది."

అతను ఈ మాటలు పైకి అనడంతోనే ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. కంచె దగ్గర గౌరి నెమరు వేస్తోంది. కుంకుమ బొట్టు చెమ్మకి కారి ముక్కు దాకా దిగింది.

"చెప్పకపోతే?" అంది నిరుపమ.

తన నోటి నుంచే ఆ మాట వచ్చిందని ఆమెకే నమ్మకం కలగలేదు.

"చెప్పకపోతే మీ ఉద్యోగం ఉంటుంది. గౌరి ఉంటుంది. అత్తయ్య సంతోషంగా మావయ్యగారి ఏడూడికి ఊరెళ్తారు. ఎవరికి నష్టం?"

"నన్ను నమ్మిన మనిషికి. దానికి పుట్టేవన్నీ దానిలాగే తింటాయి. ఏళ్ల తరబడి ఆయన మంద కట్టుకుంటూ పోతాడు, నా మాట మీద. ఎందుకిలా అయిందో ఆయనకి ఎప్పటికీ తెలియదు." మధుబాబు దుప్పటి దండెం మీద పడేశాడు. అది సగం బురదలో పడింది. "నువ్వు అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే..."

"మీరు చెప్పి ఉంటే?"

"నేనేం చెప్పలేదు?"

"ఇది కోతకి పెంచే ఫారం అని. అత్తయ్యకి తెలిసి ఉంటే ఆ కంచె దరిదాపులకి వచ్చేవారా? పాడి ఆవులనుకుని, గోమాతనుకుని, మావయ్యగారి పేరు చెప్పుకుని రోజూ... నాది ఒక్క బకెట్ తప్పు. మీది?"

అతను తల తిప్పుకుని కంచె వైపు చూశాడు. ఇంతకంటే రెండు దెబ్బలు కొట్టినా బాగుండేదనిపించింది ఆమెకి. రోజూ సాయంత్రం ఇదే దండెం దగ్గర, దుప్పటి చెరో కొసా పట్టుకుని మడత పెడుతూ, మధ్యలో చేతులు కలిసినప్పుడు అతను ముద్దు దొంగిలించేవాడు. ఇవాళ ఇద్దరి మధ్యా ఆ దుప్పటి అలాగే వేలాడుతోంది.

"కోతకి అంటే?"

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు.

సుభద్ర వెనక మెట్ల మీద నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు.

*

వాన మొదలైంది. ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు. ఎవరూ దీపం వెయ్యలేదు. రేకుల మీద చప్పుడు హోరుగా ఉంది.

"ఒక్కటీ పాలు ఇవ్వదా?" అంది సుభద్ర చివరికి.

"దూడలకి ఇస్తాయమ్మా."

"ఆ దూడలు?"

మధుబాబు టేబుల్ మీద చెయ్యి చూసుకున్నాడు.

"నువ్వు మాట్లాడవేం? చిన్నప్పుడు చీమని తొక్కినా ఏడ్చేవాడివి."

"అమ్మా, నాకు తెలిసిన చదువు ఇదే. దీనికే ఇక్కడ ఉద్యోగం ఇచ్చారు. నాన్నగారు అప్పటికే మంచం మీద... ఆయనకి ఈ మాట ఎలా చెప్పను?"

"ఆయనకి చెప్పలేదు, సరే. ఆయన పోయాక నాకు?"

"నువ్వు తట్టుకోలేవని."

"ఇప్పుడు తట్టుకుంటున్నానా?"

నిరుపమ కుర్చీ జరిపి అత్తగారి పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకోబోతే ఆవిడ తీసేసుకోలేదు, పట్టుకోనూ లేదు. ఆ చెయ్యి తవుడు కలిపీ కలిపీ గరుకు తేలింది.

"ఒక్కటి చెప్పు నాన్నా. అది అంత బాగా బరువు పెరిగిందన్నావే, నేను పెట్టిన దాంతోనేనా?"

"అమ్మా..."

"అవునా, కాదా?"

"అవును."

"అంటే ఆయన పేరు చెప్పి నేను మేపింది కత్తికా?"

సుభద్ర ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చవచ్చు. ఆవిడ ఊరికే కూర్చుని, కనిపించని ముద్ద ఏదో కలుపుతున్నట్టు టేబుల్ మీద వేళ్లు కదుపుతోంది. జనార్ధనరావు పోయిన రోజున కూడా ఇలాగే కూర్చుందని మధుబాబు ఒకసారి చెప్పాడు.

"నేను మీకు ముందే చెప్పి ఉండాల్సింది," అంది నిరుపమ ఏడుపు ఆపుకుంటూ. "నాకు తెలుసు అత్తయ్యా, ఇది పాల ఫారం కాదని. ఆయన చెప్పొద్దన్నారు. మీరు బకెట్ పట్టుకుని నవ్వుతూ వెళ్తుంటే చెప్పబుద్ధి కాలేదు. రోజు మొత్తంలో మీరు నవ్వేది ఆ ఒక్కసారే."

సుభద్ర కోడలి వంక చూసింది. తిట్టలేదు.

"అమ్మా, నేనొకటి ఆలోచించాను," అన్నాడు మధుబాబు గొంతు సవరించుకుని. "గ్రేమ్‌కి ఏమీ చెప్పను. గౌరి ఇక్కడే ఉంటుంది. నువ్వు ఊరెళ్లేదాకా రోజూ చూసుకోవచ్చు. నీ కోసం..."

దండెం దగ్గర తను అన్న మాటే. అప్పుడు కాదన్నవాడు ఇప్పుడు తల్లి మొహం చూసి అంటున్నాడు. నిరుపమకి ఊపిరి అందినట్టూ ఉంది, ఆగినట్టూ ఉంది.

"దాని బదులు వేరేది లారీ ఎక్కుతుంది. అంతేనా?" అంది సుభద్ర.

"...అంతే."

"దానికి నేను పేరు పెట్టలేదు కాబట్టి పరవాలేదు. అంతేనా?"

వాన ఇంకా పెరిగింది. మధుబాబు రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. వీపు కదులుతోంది. నిరుపమ లేచి అతని దగ్గరికి వెళ్లబోయి, అత్తగారి మొహం చూసి ఆగిపోయింది.

సుభద్ర లేచింది. దీపం స్విచ్చి వేసింది. ఉన్నట్టుండి పడిన వెలుగులో ముగ్గురి కళ్లూ ఒక్కలాగే ఎర్రగా ఉన్నాయి.

"నా బకెట్ వల్ల ఇంకో ప్రాణి పోవడానికి వీల్లేదు. ఆ పెద్దాయన ఇవాళ మన ఇంటి పాయసం తాగి వెళ్లాడు. అతని ఇంట్లో జరిగిన తప్పు అతనికి నేనే చెబుతాను."

"నీకు ఇంగ్లీషు రాదు కదమ్మా. నేను చెబుతాలే, ఎలాగోలా..."

"ఎలాగోలా వద్దు."

ఆవిడ కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

"మధ్యాహ్నం కంచె దగ్గర అతను ఏమన్నాడో, నువ్వు నాకు ఏం చెప్పావో, ఆ రెండూ ఒకటి కాదని ఇప్పుడు తెలిసింది నాన్నా. రేపు తెల్లవారగానే, ఆ లారీ వచ్చేలోగా ముగ్గురం అతని గుమ్మానికి వెళ్దాం. కుడితి సంగతి అంతా నేను చెబుతాను. చెప్పాక గౌరిని నాకిమ్మని అడుగుతాను. ఇస్తాడో, ఇవ్వడో అతనిష్టం. నా మాట ఒక్క ముక్క పోకుండా అమ్మాయి ఇంగ్లీషులో చెబుతుంది."

"నేనా అత్తయ్యా?" అంది నిరుపమ.

ఆ మాటలు తన నోటి నుంచి వెళ్లిన మరుక్షణం ఈ ఇల్లూ, అతని ఉద్యోగమూ ఉంటాయో ఉండవో తెలియదు. భర్త తల ఎత్తి తన వైపే చూస్తున్నాడు. వద్దని అనడు, అనలేడు. కానీ ఆ కళ్లు అడుగుతున్నాయి.

నిరుపమ ఆ కళ్లలోంచి చూపు తిప్పుకోకుండానే, "సరే," అంది.

"మరి నేను?" అన్నాడు మధుబాబు.

"నువ్వు పక్కన నిలబడి వింటావు," అంది తల్లి.